పచ్చచుక్కకీ ఎర్రచుక్కకీ మధ్య

పరిశోధనాలయం నేలమాళిగలో మైక్రోస్కోప్ గది అది. అక్కడ కణాలను ఫొటోలు తీసి కొలిచి ఇచ్చే ఉద్యోగం కోడలిది. అత్తగారూ మామగారూ అదే భవనంలో ప్రొఫెసర్లు. ఆవిడది మూడో అంతస్తు, ఆయనది మొదటిది. ఆ ఉదయం కోడలు అత్తగారిని కిందికి పిలిపించి, తలుపు వేసింది.

"నవ్వకు."

"నవ్వడం లేదత్తయ్యా."

"మరి ఆ భుజాలు ఎందుకు ఎగురుతున్నాయి?"

"చలి. ఏసీ."

"నా భుజాలు ఎగరడం లేదే? ఇటు తిరుగు అమ్మాయ్. ఏం జరిగింది? మిషను పాడైందా?"

"లేదు. మిషను బంగారంలా ఉంది."

"నా కణాలు చచ్చాయా?"

"లేదు లేదు, హాయిగా ఉన్నాయి. ఒకటి రెండవుతోంది, రెండు నాలుగవుతున్నాయి..."

"మరి? మధ్యాహ్నం సభ పెట్టుకుని ఉంటే నన్ను ఈ కలుగులోకి లాక్కొచ్చావు. తలుపేశావు. ఫోను కూడా లాక్కున్నావు. ఏంటిది, కిడ్నాపా?"

"ఫోను ఇచ్చేస్తా. ముందు కూచోండి."

"కూచోను. చెప్పు."

"కూచుంటేనే చెప్తా."

"సరే, ఇదిగో."

"ఆ స్టూలు వద్దు, అది తిరుగుతుంది. పడతారు."

"పడేంత విషయమా?"

"ఏసీ కాస్త తగ్గించనా?"

"పడేంత విషయమా అని అడుగుతున్నా."

"కుర్చీలో కూచోండి అత్తయ్యా."

"నీళ్ళు నమలకు. కొలతలు వచ్చాయా?"

"వచ్చాయి."

"సాగిందా?"

"మీకు కాఫీ తెప్పించనా?"

"సాగిందా, సాగలేదా?"

"నేను మీ ఇంటికొచ్చిన మొదటి రోజు గుర్తుందా? కాఫీ కప్పు నా చేతిలో పెట్టకముందే మామయ్య అడిగారు. 'అమ్మాయీ, కణం రెండయ్యేటప్పుడు క్రోమోజోముని దారాలు చెరోవైపూ లాగుతాయి కదా, ఆ దారం తగులుకునే ముడి సాగుతుందా, సాగదా?' అని. నేను 'తెలీదు మామయ్యా' అన్నాను. మీరేమో 'చూశారా, సాగదు అనలేదు' అన్నారు."

"అనలేదుగా మరి."

"'సాగుతుందని మాత్రం అందా?' అన్నారాయన. ఇక మొదలు. కాఫీ చల్లారిపోయింది. మీ అబ్బాయి నా చెవిలో, 'నేను పదో తరగతి నుంచీ వింటున్నా, నువ్వూ అలవాటు పడు' అన్నాడు."

"వాడికేం తెలుసు, వంతెనలు కట్టుకునేవాడు. సాగిందా?"

"ఒక్క ప్రశ్న అడుగుతాను. ముడి లోపలి కొసకి పచ్చ రంగు వేశాం, బయటి కొసకి ఎరుపు. పచ్చచుక్కకీ ఎర్రచుక్కకీ మధ్య దూరమే ముడి పొడుగు. అవునా?"

"నాకే పాఠం చెప్తున్నావా?"

"ధైర్యం తెచ్చుకుంటున్నానత్తయ్యా."

"తెచ్చుకో, తెచ్చుకో."

"దారాలు లాగుతున్న కణాల్లో ఆ దూరం ఎక్కువ వచ్చింది. మందేసి దారాలు కరిగించేసిన కణాల్లో తక్కువ వచ్చింది. అందుకని సాగుతుందన్నారు మీరు."

"అన్నాను. అంటున్నాను. మధ్యాహ్నం మైకులో కూడా అంటాను. బయటినుంచి ఎంతమంది వస్తున్నారో తెలుసా? గోడమీద పోస్టరు చూశావా? 'సాగుతుందా? సాగదా?' అట. నా ఫొటో ఒక పక్క, ఆయన ఫొటో ఒక పక్క, కుస్తీ పోటీకి దిగినట్టు."

"ఆ పోస్టరు చూసినప్పటినుంచే నాకీ నవ్వు."

"చలి అన్నావు?"

"చలి కూడా. అత్తయ్యా, నేను మీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఒకే ప్రోటీనుకి రెండు రంగులూ వేయించాను."

"ఒకదానికే రెండా?"

"ఒకే మనిషికి పచ్చ చొక్కా, దానిమీద ఎర్ర కోటు. అప్పుడు పచ్చచుక్కకీ ఎర్రచుక్కకీ మధ్య దూరం ఎంత రావాలి?"

"సున్నా."

"రాలేదు."

"ఎంతొచ్చింది?"

"చెప్తే కొడతారు."

"కొట్టను, చెప్పు."

"ముడి సాగింది సాగింది అంటున్నారే, దాదాపు అంత."

"ఏంటీ?"

"వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదనుకోండి. కానీ మన ఇంట్లో గొడవంతా ఆ కాస్త దగ్గరే కదా."

"ఆగు, కంగారు పడకు. లెన్సు ఎరుపునీ పచ్చనీ ఒకేలా వంచదు. అది తెలిసిందేగా. రెండు రంగుల్లోనూ వెలిగే బుల్లి పూసలు పెట్టి ఆ తేడా సరిచేస్తూనే ఉన్నాంగా."

"సరిచేశాకే చెప్తున్నా."

"సరిచేశాక కూడానా?"

"సరిచేశాక కూడా."

"మరి మిగిలిందేంటి?"

"వణుకు."

"ఎవరి వణుకు?"

"చుక్కల వణుకు. చుక్క అంటాం గానీ అది మసక ముద్ద. దాని నడిమధ్య ఇదిగో అని వేలు పెడితే ఓ పిసరు అటో ఇటో పడుతుంది. పక్కలకైతే కాస్తే తప్పుతుంది. లోతు వైపు మరీ ఎక్కువ. పొరలు పొరలుగా తీసి పేర్చిన ఫొటోలాయె. గుండ్రటి పూస కూడా కోడిగుడ్డులా నిలువుగా సాగి..."

"సాగి అనకు."

"నిలువుగా... ఎదిగి కనిపిస్తుంది."

"అటో ఇటో పడితే ఏమైంది? బోలెడన్నిసార్లు కొలుస్తాం. ఎక్కువలూ తక్కువలూ చెల్లుకు చెల్లవుతాయి. సగటు తీస్తాం."

"చెల్లవు."

"ఎందుకు చెల్లవు?"

"అసలు దూరం సున్నా అనుకోండి. నా వేలు ఎడమకి తప్పింది, కాస్త దూరం వచ్చింది. కుడికి తప్పింది..."

"ఆగు."

"మళ్ళీ దూరమే వచ్చింది. పైకి తప్పినా, కిందికి..."

"ఆగు, ఆగు, చెప్పకు. నేను చెప్తాను. దూరానికి మైనస్ లేదు."

"లేదు."

"ఎటు తప్పినా కలిసేదే గానీ పోయేది లేదు."

"లేదు."

"మసక ఎక్కువైతే..."

"దూరం ఎక్కువ."

"దారాలున్న కణాల్లో నా ముడులు ఎక్కడుంటాయి? బాగా లోతులో. దారాలు కరిగాక పైపైనే. లోతుకి వెళ్ళేకొద్దీ..."

"మసక."

"మసకైతే తప్పు. తప్పైతే దూరం. దూరమైతే... అమ్మాయ్!"

"అత్తయ్యా."

"సాగింది ముడి కాదు."

"కాదు."

"మసక!"

"అవునత్తయ్యా. వణుకెంతో విడిగా కొలిచి, లెక్క కట్టి, దూరంలోంచి తీసేశాను. ఏ ఫొటో ఏ కణానిదో నాకే తెలీకుండా కలిపేసి మరీ కొలిచాను. మీ మీద ప్రేమతో ఒక పిసరు, మామయ్య మీద భయంతో ఒక పిసరు జరపకుండా. రెండు రకాల కణాల్లోనూ ముడి పొడుగు ఒక్కటే. అత్తయ్యా? అత్తయ్యా, మీరు నవ్వుతున్నారా?"

"నవ్వడం లేదు."

"మీ భుజాలు..."

"ఏసీ."

"అత్తయ్యా!"

"చూడు, నేనిప్పుడు ఏడవాలి కదా. ఏడుపు రాదేం? మైనస్ లేదు! స్కేలు పట్టుకున్న ప్రతి చంటిపిల్లకీ తెలుసు ఆ సంగతి! ఎంత అందంగా తప్పానే తల్లీ! ఎంతమందికి చెప్పాను, ఎంత గట్టిగా చెప్పాను..."

"బల్ల గుద్ది చెప్పారు."

"బల్ల గుద్దితే వణుకు ఇంకాస్త పెరిగి ఉంటుంది!"

"అత్తయ్యా, నన్ను నవ్వించకండి, కడుపు నొప్పెడుతోంది. పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా ఇదే నవ్వు. మీ అబ్బాయి డాక్టరు దగ్గరికి పోదామన్నాడు."

"ఉండు, ఉండు. నేను ఓడిపోతే ఎవరు గెలిచినట్టు?"

"అదే అత్తయ్యా..."

"ఆయన! బల్లపరుపు ఫొటోల్లో, లోతన్నదే చూడకుండా, కళ్ళు మూసుకుని గెలిచారు! నేను ఓడితే ఈల వేస్తానని ఎన్నాళ్ళుగానో బెదిరిస్తున్నారు, ఇక వేస్తారు చూడు. మెట్లు దిగుతూ ఈల, స్నానం చేస్తూ ఈల. అదిగో, అప్పుడే నా చెవుల్లో వినిపిస్తోంది కూడా."

"చెవుల్లో కాదత్తయ్యా. బయట నిజంగానే ఈల."

"వచ్చేశారా? అమ్మో! మనం లేమని చెప్పు!"

"లోపల ఉండి లేమని ఎలా చెప్పను?"

"అయితే నేను లేను. ఆ లేజరు దగ్గర నల్ల తెర ఉంది చూడు, దాని వెనక నేను లేను."

"అత్తయ్యా, వైర్లు తొక్కకండి!"

తలుపు తట్టి మామగారు లోపలికి వచ్చారు. తెర వెనక అత్తగారు ఊపిరి బిగబట్టుకున్నారు.

"నవ్వులు వినిపించాయి. ఎవరితో తల్లీ?"

"నాతో నేనే మామయ్యా."

"చీకట్లో పనిచేసేవాళ్ళకి అది మామూలే. మీ అత్తయ్య ఇటు రాలేదుగా?"

"అత్తయ్యా? ఇక్కడెక్కడా కనిపించడం లేదు మామయ్యా."

"మంచిది. తలుపు దగ్గరికెయ్. కొలతలు వచ్చాయా?"

"వచ్చాయి."

"ఎవరు?"

"ఎవరేంటి?"

"ఓడిపోయింది ఎవరు? నేనేనా?"

"మీకు కాఫీ తెప్పించనా?"

"నేనే అయితే చెప్పెయ్. నిలబడి చప్పట్లు కొడతాను, నాకేం పోయింది. ఆవిడైతే..."

"ఆవిడైతే?"

"ఆవిడైతే చెప్పకు."

"అదేంటి మామయ్యా!"

"రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ. ఓడిపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు. గెలిస్తే ఏం చెయ్యాలో తెలీలేదు. ఈల వేస్తాను, సరే. ఈల అయిపోయాక? ఇంటికి వెళ్ళాలిగా. ఎదురెదురుగా కూచుని అన్నం తినాలిగా. 'ముడి సాగదోయ్' అని నేనంటాను. ఆవిడ 'సరే' అంటుంది. ఆవిడ నోట 'సరే' అన్న మాట వింటే నా గుండె ఆగిపోదూ?"

"హహ్హ... మామయ్యా!"

"నవ్వుతావేం? నిజం చెప్తున్నా. పొద్దున లేవగానే 'మీ లెక్క తప్పు' అంటుంది. ఆ తప్పు ఎక్కడో చూద్దామనే కదా నేను పరుగెత్తుకుంటూ ల్యాబుకి వచ్చేది. నన్ను అంత శ్రద్ధగా తిట్టిన మనిషి ఇంకొకరు లేరమ్మా. ఆ నోరు మూయించి నేను బావుకునేదేంటి? ఏంటది, ఆ తెర ఊగుతోందేం?"

"ఏసీ మామయ్యా."

"ఏసీ ఇటు వైపుంటే తెర అటు వైపు..."

నల్ల తెర తొలిగింది.

"సరే!"

"అమ్మో!"

"ఆగిందా గుండె?"

"నువ్వా! ఎప్పట్నుంచి ఉన్నావక్కడ?"

"ఈల దగ్గర్నుంచి. సరే, సరే, సరే. మూడుసార్లు అన్నాను. ముడి సాగదు. మీరన్నదే నిజం. వెయ్యండి ఈల."

"అమ్మాయీ, ఏమంటోంది ఈవిడ?"

"నిజమే మామయ్యా. సాగదు."

"అయ్యయ్యో."

"అయ్యయ్యో ఏంటండీ? గెలిచిన మనిషి అయ్యయ్యో అంటాడా? వెయ్యండి, వింటాను."

"రావడం లేదు. నోరెండిపోయింది."

"ఇంతకాలం బెదిరించి ఇప్పుడు రాదంటే కుదరదు. వెయ్యండి!"

"ఫూ... ఫూ..."

"గాలి వస్తోంది, ఈల రావడం లేదు!"

"మామయ్యా, ఈల వెయ్యకండి! అత్తయ్యా, వేయించకండి! నేను సగమే చెప్పాను. ఇంకోటుంది."

"ఇంకేంటి?"

"మామయ్యా, ముడి సాగదు సరే. ఇనుప చువ్వలా దారానికి సూటిగా నిలబడుతుందని మీరన్నారు కదా?"

"అన్నాను. చువ్వ బొమ్మ గీయించాను కూడా. కదలదు, మెదలదు."

"కదులుతుంది."

"ఏంటీ!"

"మీరు ఉండండి. ఏంటీ అనాల్సింది నేను. ఏంటీ, అమ్మాయ్?"

"లోతు కొలత సరిచేశాక పచ్చచుక్క నుంచి ఎర్రచుక్కకి గీత గీశాను. ఒక్కో ముడికీ ఒక్కో గీత. పొడుగులన్నీ ఒకటే. కానీ అవి దారం వైపే చూడటం లేదు. ఒకటి ఎడమకి ఒరిగింది, ఒకటి కుడికి, ఒకటి మనవైపుకి. అదే కణాన్ని కాసేపు వదలకుండా చూస్తే, ఇప్పుడు ఎడమకి ఒరిగింది కాసేపట్లో కుడికి వస్తోంది. సాగదు. నిటారుగానూ ఉండదు. తలుపు బందు మీద తిరిగినట్టు ఊగుతుంది."

"ఊగుతుందా?"

"ఊగుతుందత్తయ్యా."

"నా ఫొటోల్లో ఎందుకు ఊగలేదు?"

"మీవి బల్లపరుపువి మామయ్యా. లోతు వైపు ఒరిగిన ముడి వాటిలో పొట్టిగా కనిపిస్తుంది, అంతే. పొట్టివాటిని మీరు సరిగ్గా పడనివి అనుకుని పక్కకి తీసేశారు."

"తీసేశాను. మసకగా ఉన్నాయని తీసేశాను."

"చూశారా! కదులుతుందని నేనన్నాను!"

"సాగుతుందన్నావు. కదులుతుందని ఎప్పుడన్నావు?"

"సాగడమంటే కదలడం కాదా?"

"కాదు! పొడుగు మారదని నేనన్నాను, మారలేదు!"

"నిటారుగా ఉంటుందన్నారు, లేదు!"

"అంటే మనిద్దరం..."

"ఇద్దరం..."

"మామయ్యా? అత్తయ్యా? ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారేంటి? భయమేస్తోంది."

"ఎన్ని కణాల్లో చూశావమ్మా?"

"చాలా వాటిలో మామయ్యా. మొత్తం మీ ముందే పెడతాను."

"నువ్వు సరిచూసుకున్న పూసలు గాజు పలక మీదవి. ముడులేమో కణం లోపల. కాంతి గాజులో ఒకలా, కణంలో ఒకలా వంగుతుంది. లోతు కొలత తప్పింది అక్కడేనేమో..."

"అదే నేను అడగబోయానండీ!"

"అయితే నువ్వే అడుగు."

"వద్దు, మీరు బాగా అడిగారు. కానివ్వండి."

"కణంలోపల, అదే లోతులో కూడా పూసలు పెట్టి చూశాను మామయ్యా. అప్పుడూ ఊగుతోంది."

"మరి దారాలు కరిగించిన కణాల్లో?"

"వాటిలో కూడా ఊగుతోందత్తయ్యా, కానీ..."

"కానీ అంది, విన్నావా!"

"విన్నానండీ. ఆ 'కానీ' దగ్గరే పట్టుకోవాలి."

"మీరిద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు! ఇంట్లో ఎప్పుడూ చూడలేదు ఇలా. మీ అబ్బాయికి ఫోను చేసి చెప్పాలి. అత్తయ్యా, కుర్చీలోనే కూచోండి, ఆ స్టూలు తిరుగుతుందన్నానా!"

"తిరగనీ! ఏవండీ, తోయండి, ఇంకోసారి తోయండి. ఊగుతుందట! ఇన్నాళ్ళూ సాగుతుందా సాగదా అని కొట్టుకు చచ్చాం, అదేమో హాయిగా ఊగుతోందట!"

"పడతావోయ్!"

"పడితే పట్టుకోండి!"

"అయ్యో, ఆ బల్లకి తగలకండి మామయ్యా, నా మైక్రోస్కోప్!"

"తల్లీ, విను. మధ్యాహ్నం మైకు ముందు మేమిద్దరం నిలబడం. నువ్వు నిలబడు."

"నేనా! పోస్టరు మీద మీ ఫొటోలున్నాయి మామయ్యా!"

"కాగితం అతికించేస్తాం. ఏమంటావోయ్?"

"ఎప్పుడో అనేశాను. పిల్ల కనిపెట్టింది, పిల్లే చెప్పాలి."

"నాకు కాళ్ళు వణుకుతున్నాయి అత్తయ్యా."

"వణుకెంతో కొలిచి తీసెయ్. నీకు చేతనవునుగా."

"మరి మీరు?"

"మేం ముందు వరసలో పక్కపక్కన కూచుంటాం."

"నాకు ధైర్యంగానా?"

"ధైర్యమా! ప్రశ్నలడగడానికి."

"ఇద్దరూనా?"

"ఇద్దరం. ఇంట్లో కోడలివి గానీ మైకు ముందు కాదు."

"నాకు ముందే నవ్వొస్తోంది, ఏడుపు కూడా వస్తోంది. ఆగండి, మా నాన్నకి ఫోను చేస్తాను. ఆయనా కణాల మనిషే కదా, ఇలాంటి సభల్లో మాట్లాడినవారే. ఎలా నిలబడాలో చెప్తారు."

"ఫోను... వద్దులే అమ్మాయ్."

"ఎందుకత్తయ్యా?"

"ఏవండీ, మీరు చెప్పండి."

"నువ్వే చెప్పు, నాకు నవ్వొస్తోంది."

"మా పెళ్ళి ఎలా అయిందో నీకెవరూ చెప్పలేదా?"

"పెద్దలు కుదిర్చారనుకున్నాను."

"పెద్దలా! ఒకాయన ఇలాగే కొత్త సంగతి కనిపెట్టానంటూ మైకు ముందు నిలబడ్డాడు. పాపం, ఉత్సాహంగా ఉన్నాడు. ఈ మూల నుంచి నేను చెయ్యెత్తాను, ఆ మూల నుంచి ఈయన. అప్పటికి నాకు ఈయనెవరో తెలీదు, ఈయనకి నేనెవరో తెలీదు. నా ప్రశ్న తోక ఈయన అందుకున్నారు, ఈయన ప్రశ్న తోక నేను అందుకున్నాను. సభ ముగిసేసరికి ఆయన సిద్ధాంతం ముక్క కూడా మిగల్లేదు. మేమిద్దరం మాత్రం ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాం."

"అమ్మో! ఎవరత్తయ్యా ఆ మహానుభావుడు?"

"మీ నాన్న. మా పెళ్ళిలో అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆయనే."